సోల్జెనిత్సిన్ తొలి జీవితం (1918–1953): ఎనిమిదేళ్ల శిక్షకి కారణం ఒక్క ఉత్తరమేనా?

వంశధార

1974లో సోవియట్ దేశం నుంచి గెంటేసిన రష్యన్ రచయిత సోల్జెనిత్సిన్ గురించి మన దగ్గర చాలానే రాశారు. అంతకు ముందు కథ మాత్రం రెండు వాక్యాల్లో తేల్చేస్తారు: "లెక్కల మాస్టారు. యుద్ధంలో స్టాలిన్ మీద ఒక ఉత్తరంలో వెటకారం చేసి ఎనిమిదేళ్లు జైలుకెళ్లాడు." సోవియట్ ప్రభుత్వ సంస్థలైన ప్రగతి, రాదుగ ప్రచురణలతో రష్యన్ సాహిత్యం పరిచయమైన తెలుగు పాఠకులకి ఆ అట్టల మీద ఈయన పేరు కనపడే అవకాశం ఎలాగూ లేదు. అందుకే ఈ రెండు వాక్యాలే నిలిచిపోయాయేమో.

పుట్టుక నుంచి 1953లో శిబిరం బయటికి వచ్చేదాకా తెలిసినవాళ్లు వివరంగా రాయండి. గులాగ్ (సోవియట్ నిర్బంధ శిబిరాల వ్యవస్థ) రాజకీయాల మీద సాధారణ చర్చకి వేరే థ్రెడ్ ఉంది, అది ఇక్కడికి తేవద్దు.

పాతపుస్తకాలసంత

కుటుంబంతో మొదలుపెడతాను, ఎందుకంటే ఆ ఇంట్లో దాచిపెట్టాల్సినవి ఎక్కువ.

1918 డిసెంబరు 11న ఉత్తర కాకసస్‌లోని కిస్లొవోద్‌స్క్‌లో పుట్టాడు. తండ్రి ఇసాకీ అప్పటికి ఆర్నెల్ల కిందటే పోయాడు. ఆయన స్తావ్రొపోల్ ప్రాంతపు రైతు కుటుంబం నుంచి మాస్కో యూనివర్సిటీ దాకా వెళ్లిన మనిషి. 1914 యుద్ధం రాగానే చదువు వదిలి తనంతట తానే సైన్యంలో చేరి ఫిరంగి దళంలో అధికారి అయ్యాడు. పెళ్లి కూడా 1917 ఆగస్టులో యుద్ధరంగంలోనే, దళంలోని పూజారి చేతుల మీదుగా జరిగింది. ప్రాణాలతో ఇల్లు చేరి, 1918 జూన్‌లో వేటకెళ్లినప్పుడు తుపాకి పేలి చనిపోయాడు.

తల్లి తైసియా. ఆమె తండ్రి జఖార్ షెర్బాక్ గొర్రెలు కాసే కూలీగా దక్షిణానికి వచ్చి, అర్మవీర్ దగ్గర కుబాన్ నేలలో పెద్ద భూస్వామిగా ఎదిగాడు. విప్లవంలో ఆస్తంతా పోయింది. ఇప్పుడు లెక్క చూడండి: తండ్రి జారు సైన్యపు అధికారి, తాత భూస్వామి. 1920ల్లో ఈ రెండింట్లో ఏ ఒక్కటి బయటపడినా ఉద్యోగం రాదు. తండ్రి పతకాలు ఇంట్లో ఉంటే ప్రమాదమని తల్లీకొడుకులు మట్టిలో పాతిపెట్టారు. దరఖాస్తుల్లో తండ్రి వృత్తి దగ్గర "గుమాస్తా" అని రాసేవాడు.

చిన్న సంగతి ఒకటి. తండ్రి పేరు ఇసాకీ కాబట్టి ఇతను ఇసాకియెవిచ్ కావాలి. 1936లో పాస్‌పోర్టు ఇచ్చేటప్పుడు ఆఫీసులో ఇసాయెవిచ్ అని రాశారు. అదే ప్రపంచమంతా స్థిరపడింది.

నల్లసిరా

రొస్తోవ్ రోజులు నేను అందుకుంటాను.

తల్లి పని వెతుక్కుంటూ ముందు రొస్తోవ్-ఆన్-డాన్ వెళ్లింది, ఆరేళ్ల వయసులో పిల్లాణ్ణి అక్కడికి తెచ్చుకుంది. ఆమెకి ఫ్రెంచి, ఇంగ్లీషు వచ్చు. షార్ట్‌హ్యాండు, టైపు కూడా నేర్చుకుంది. అయినా మంచి జీతమిచ్చే సంస్థలు ఆమె పుట్టుపూర్వోత్తరాలు చూసి తీసుకునేవి కావు. పగటి ఉద్యోగం చాలక సాయంత్రాలు అదనపు పని చేసేది. ప్రభుత్వ గది ఎన్నడూ రాలేదు. ప్రైవేటుగా ఎక్కువ అద్దెకి పాత గుడిసెల్లో గది తీసుకోవాల్సి వచ్చేది. ఈదరగాలి దూరే గోడలు, దొరకని బొగ్గు, దూరం నుంచి బకెట్లతో మోసుకొచ్చే నీళ్లు. ఇంట్లో కుళాయి అంటే ఏమిటో తనకి చాలా ఏళ్లు తెలియదని ఆయనే తర్వాత ఒక ఇంటర్వ్యూలో చెప్పాడు. తల్లికి క్షయ రావడానికి వేరే కారణం వెతకక్కర్లేదు.

సెలవుల్లో మేనమామ భార్య ఇరీనా దగ్గరికి వెళ్లేవాడు. చర్చి, పండగలు, పాత రష్యన్ సాహిత్యం ఆమె ద్వారానే వచ్చాయి. పదేళ్లకే టాల్‌స్టాయ్ 'యుద్ధము – శాంతి' చదివాడు. బడిలో తోటి పిల్లలు మెడలో సిలువ తెంపేశారు. అదే పిల్లాడు కొన్నేళ్లకి ఎర్ర రుమాలు కట్టుకున్న పయొనీర్ (కమ్యూనిస్టు బాలల సంఘం), 1936లో కొమ్‌సొమోల్ (కమ్యూనిస్టు యువజన సంఘం) సభ్యుడు. ఇంటి దగ్గరొక భాష, బడిలో ఇంకో భాష. ఆ తరంలో ఇది మామూలే, కానీ ఇతని విషయంలో రెండోది ఉత్త నటన కాదు, నిజంగానే నమ్మాడు.

బడి స్నేహితులు నికొలాయ్ విత్కెవిచ్, కిరీల్ సిమొన్యాన్. విత్కెవిచ్ పేరు గుర్తుపెట్టుకోండి, 1945లో మళ్లీ వస్తుంది.

ఎర్రమందారం

చదువు సంగతి కూడా చెప్పాలి కదా. రొస్తోవ్ యూనివర్సిటీలో లెక్కలు–భౌతికశాస్త్రం 1936 నుంచి 1941 దాకా ఉచితంగా చదివించింది ఎవరు? స్టాలిన్ పేరిట ఉన్న ఉపకారవేతనం అందుకున్నది ఎవరు? "పుట్టుకతోనే వ్యతిరేకి" అని తర్వాత చుట్టూ అల్లిన కథ తప్పని అదే చెబుతోంది. 1941 నాటికి ఆయన పక్కా లెనినిస్టు.

పాతపుస్తకాలసంత

ఎర్రమందారం గారూ, ఆ చివరి వాక్యంతో ఏకీభవిస్తాను. అరెస్టు అర్థం కావాలంటే పట్టుకోవాల్సింది కూడా అదే. సోల్జెనిత్సిన్ మార్క్స్ 'పెట్టుబడి', ఇంకా అలాంటి గ్రంథాలు ముందేసుకుని నోట్సు రాసుకునే రకం. ఫిర్యాదు లెనిన్ మీద కాదు, స్టాలిన్ లెనిన్ దారి తప్పాడని. లోపలి మనిషి లోపలి సిద్ధాంతంతోనే విమర్శిస్తే అది బయటి శత్రువు తిట్టేదానికన్నా ఎక్కువ కలవరపెడుతుంది.

లెక్కలు ఎందుకంటే, సాహిత్యం చదవాలనే ఉండేది, కానీ కావలసిన స్థాయి చదువు రొస్తోవ్‌లో లేదు. మాస్కో వెళ్దామంటే జబ్బు మనిషి తల్లి ఒంటరిది. అందుకని చేతికి వచ్చిన లెక్కలు తీసుకున్నాడు. 1939 నుంచి మాస్కోలోని తత్వశాస్త్ర–సాహిత్య–చరిత్ర సంస్థలో కరస్పాండెన్సు కోర్సు కూడా కట్టాడు. అంటే రెండు డిగ్రీలు ఒకేసారి. 1940 ఏప్రిల్ 27న రసాయనశాస్త్రం చదివే నతాలియా రెషెతోవ్‌స్కయాతో పెళ్లి. ఆమె పియానో వాయించేది కూడా.

ఇంకో తేదీ: 1936 నవంబరు 18. ఇంకా 18 నిండలేదు. రొస్తోవ్ పుష్కిన్ బులెవార్డు మీద నడుస్తుండగా విప్లవం మీద పెద్ద నవల రాయాలని నిశ్చయించుకున్నాడు. ఎక్కడ మొదలుపెట్టాలి? 1914 ఆగస్టులో తూర్పు ప్రష్యాలో జనరల్ సంసోనోవ్ సైన్యం నాశనమైన చోట. 1937–38లో రొస్తోవ్ గ్రంథాలయాల్లో కూర్చుని ఆ యుద్ధం పటాలు, దళాల కదలికలు నోట్ చేసుకుని మొదటి అధ్యాయాలు రాశాడు. ఆ అధ్యాయాల్లో కొన్ని మూడు దశాబ్దాల తర్వాత అచ్చయిన నవలలోకి వచ్చాయి. 1945 జనవరిలో తను ఎర్రసైన్యం కెప్టెన్‌గా అడుగుపెట్టింది సరిగ్గా ఆ నేల మీదే. నైడెన్‌బర్గ్ పట్నం, గ్రంథాలయంలో పటం మీద గుర్తులు పెట్టుకున్న ఊరు, తన కళ్లముందే తగలబడింది.

వంశధార

సైన్యంలో ఏం చేశాడు? కొందరు "ఫిరంగి కమాండర్" అంటారు, కొందరు "వెనక కూర్చున్నాడు, తుపాకే పేల్చలేదు" అంటారు.

నల్లసిరా

రెండూ సగం సగం. వరసగా చెబుతాను.

1941 జూన్ 22న పరీక్షల కోసం మాస్కోలో ఉన్నాడు. ఆరోగ్యం పేరు చెప్పి మొదట సైన్యంలోకి తీసుకోలేదు. కొన్ని వారాలు మొరొజోవ్‌స్క్ బడిలో లెక్కలు, ఖగోళం చెప్పాడు. అక్టోబరులో పిలుపు వచ్చింది. వేసింది గుర్రబ్బళ్ల రవాణా దళంలో. లెక్కల పట్టా ఉన్నవాడు గుర్రాలకి మాలిష్ చేస్తూ, పేడ ఎత్తుతూ ఆ చలికాలం గడిపాడు. ఫిరంగి దళానికి మార్చమని పై అధికారుల వెంటపడి, 1942లో కొస్త్రొమాలో ఉన్న ఫిరంగి శిక్షణ పాఠశాలకి చేరాడు. ఆ ఏడాది చివర్లో లెఫ్టినెంటు.

1943 నుంచి శబ్ద నిఘా బ్యాటరీ (ఫిరంగి దళంలో ఒక విభాగం) కమాండరు. ఒర్యోల్ యుద్ధం తర్వాత దేశభక్త యుద్ధ పతకం రెండో తరగతి, 1944లో ఎర్ర నక్షత్రం. ఈ బ్యాటరీకి ఫిరంగులుండవు. శత్రువు ఫిరంగి ఎక్కడుందో చెవితో కనిపెట్టి మన ఫిరంగులకి చెప్పడమే పని. "తుపాకి పేల్చలేదు" అనే మాట అక్కణ్ణుంచి పుట్టింది. కానీ మైకులు పెట్టేది ముందు వరసకి దగ్గరగా, తీగలు లాగేది గుళ్ల వానలో. 1945 జనవరి చివర్లో తూర్పు ప్రష్యాలో జర్మన్లు చుట్టుముట్టినప్పుడు మనుషుల్నీ పరికరాల్నీ బయటికి తెచ్చింది కూడా ఇతనే.

1944 జనవరిలో తల్లి జార్జియెవ్‌స్క్‌లో క్షయతో పోయింది. కొడుకు అప్పుడు యుద్ధరంగంలో ఉన్నాడు.

లెక్కలపంతులు

ఆ శబ్ద నిఘా గురించి ఎవరూ సరిగ్గా రాయరు. లెక్కల పట్టభద్రుణ్ణి అక్కడ ఎందుకు పెట్టారో తెలియాలంటే పని ఎలా సాగుతుందో చూడాలి.

ముందు వరస వెనకాల కొన్ని కిలోమీటర్ల మేర ఐదారు మైకులు ఒక గీత మీద పరుస్తారు. ప్రతి మైకు ఉన్న చోటు సర్వే చేసి పటం మీద కచ్చితంగా గుర్తిస్తారు. అన్నింటి నుంచీ తీగలు ఒకే కేంద్ర స్థానానికి వస్తాయి. అక్కడ కదిలే కాగితం మీద ఒక్కో మైకుకి ఒక్కో గీత. ముందు వైపు పొంచి ఉన్న ఒక కాపలా మనిషి ఫిరంగి మోత వినగానే బటన్ నొక్కుతాడు, రికార్డింగు యంత్రం కదులుతుంది. ఆ మోత ఒక్కో మైకుకి ఒక్కో క్షణాన చేరుతుంది. గీతలో గంతు ఎక్కడ పడిందో చూసి ఆ తేడా కొలుస్తారు.

ఇప్పుడు లెక్క. రెండు మైకుల మధ్య దూరం 1500 మీటర్లు అనుకోండి, మోత చేరడంలో తేడా 1.2 సెకన్లు, వాతావరణం 15 డిగ్రీలు. శబ్దవేగం సెకనుకి 340 మీటర్లు. 1.2 × 340 = 408. దాన్ని 1500తో భాగిస్తే 0.272. సైన్ విలువ 0.272 ఉన్న కోణం 15.8 డిగ్రీలు. ఆ మైకుల జంట మధ్యబిందువు నుంచి, జంట గీతకి లంబంగా ఉన్న దిక్కు నుంచి 15.8 డిగ్రీలు పక్కకి ఒక గీత గీయాలి. దూరపు లక్ష్యానికి ఈ ఉజ్జాయింపు చాలు. దగ్గరైతే హైపర్‌బోలా వక్రమే వాడాలి. ఇలా మూడు నాలుగు జంటల గీతలు ఒకచోట కలిస్తే అక్కడ ఫిరంగి ఉంది.

ఎక్కడ చెడుతుందంటే:

ఉష్ణోగ్రత. మైనస్ 10 దగ్గర శబ్దవేగం 325. సవరించకుండా 340 వేస్తే పై ఉదాహరణలో కోణం 15.1కి బదులు 15.8 వస్తుంది. 10 కిలోమీటర్ల దూరంలో అది 120 మీటర్ల పైచిలుకు తప్పు. మన గుళ్లు ఖాళీ పొలంలో పడతాయి.

గాలి. శత్రువు వైపు నుంచి మన వైపు వీస్తే మంచిది. ఎదురు వీస్తే శబ్దం పైకి వంగిపోయి మైకులకి అందదు. ఎండ కాసే మధ్యాహ్నం కూడా అంతే. రాత్రి, తెల్లవారుజాము అనుకూలం. అందుకే వీళ్లకి నిద్ర తక్కువ.

రెండు మోతలు. ధ్వనికన్నా వేగంగా వచ్చే గుండు ముందు ఒక పెటపెట శబ్దం తెస్తుంది, ఫిరంగి గొట్టం మోత తర్వాత వస్తుంది. కొత్తవాళ్లు మొదటి గంతుని కొలిచేస్తారు. మొత్తం లెక్క పాడవుతుంది.

ఇక తీగలు తెగడం రోజువారీ. ఒక్క మైకు పోతే రెండు జంటలు పోయినట్టే.

కొలతలో సెకనులో నూరో వంతు తప్పితే, పై అమరికలోనే 10 కిలోమీటర్ల దగ్గర 20 మీటర్ల పైన తేడా వస్తుంది. ఆ మనిషి తర్వాత రాసిన పుస్తకాల్లో తేదీలు, గంటలు, ఊళ్ల దూరాలు అంత పట్టుగా ఎందుకుంటాయంటే నా జవాబు ఇదే.

ఎర్రమందారం

పంతులు గారు భలే రాశారు. కానీ అసలు ప్రశ్న మిగిలే ఉంది. యుద్ధం నడుస్తున్నప్పుడు, ప్రతి ఉత్తరం సెన్సారు తెరుస్తుందని తెలిసిన అధికారి, సర్వసేనాని గురించి ఉత్తరాల్లో అలా రాయడం ఏమిటి? ఏ దేశపు సైన్యమైనా ఊరుకుంటుందా?

పాతపుస్తకాలసంత

ఆ అమాయకత్వానికి ఆయనే తర్వాత తనని తాను తిట్టుకున్నాడు. విత్కెవిచ్ ఫస్ట్ ఉక్రేనియన్ ఫ్రంట్‌లో, ఇతను సెకండ్ బైలోరష్యన్ ఫ్రంట్‌లో. సెన్సారు వెతికేది సైనిక రహస్యాలు, దళాల పేర్లు, ఊళ్ల పేర్లు మాత్రమేనని ఇద్దరి నమ్మకం. స్టాలిన్ పేరు రాయకుండా "పఖాన్" అనీ (దొంగల ముఠా నాయకుణ్ణి అలా పిలుస్తారు), లెనిన్‌ని "వొవ్కా" అనీ రాసుకునేవాళ్లు. ఆ మారుపేర్లు విప్పడానికి సెన్సారుకి పెద్ద తెలివి అక్కర్లేదు. ఉత్తరాల ఫోటో నకళ్లు పోగుపడుతూ వచ్చాయి.

కానీ వంశధార గారి శీర్షికకి జవాబు "కాదు". ఒక్క ఉత్తరం కాదు, ఉత్తరాలు మాత్రమే కూడా కాదు. 1944 జనవరిలో ఇద్దరూ కలిసినప్పుడు "తీర్మానం నం. 1" అని ఒక కాగితం రాసుకున్నారు. దేశంలో ఉన్న వ్యవస్థ మీద విమర్శ, యుద్ధం తర్వాత మార్పు కోసం ఒక సంఘం కావాలన్న మాట అందులో ఉన్నాయి. చెరొక ప్రతి సంచిలో పెట్టుకు తిరిగారు. అరెస్టులో అది దొరికింది.

శిక్ష సెక్షన్లు చూస్తే విషయం తేలిపోతుంది. సోవియట్ శిక్షాస్మృతిలో 58-10 రెండో భాగం: యుద్ధకాలంలో సోవియట్ వ్యతిరేక ప్రచారం. 58-11: సంఘంగా ఏర్పడటం. ఉత్తరాలకి మొదటిది చాలు. రెండోది ఆ కాగితం వల్ల, "ఇద్దరుంటే ముఠా" అన్న లెక్క వల్ల వచ్చింది. దాని ధర ఎనిమిదేళ్లతో ఆగలేదు. ప్రవాసం దగ్గర మళ్లీ వస్తాను.

"ఏ సైన్యమైనా ఊరుకుంటుందా" అన్నారు. విచారణ పెట్టవచ్చు. ఇక్కడ కోర్టు లేదు, న్యాయవాది లేడు. 1945 జులైలో ప్రత్యేక మండలి అనే కమిటీ అతను ఎదుట లేకుండానే శిక్ష వేసింది. కాగితం చూపించి సంతకం పెట్టమన్నారు, అంతే.

వంశధార

అరెస్టు రోజు వివరాలు?

నల్లసిరా

1945 ఫిబ్రవరి 9, తూర్పు ప్రష్యాలో వోర్మ్‌డిట్ దగ్గర (ఇప్పుడు పోలండులో ఒర్నెతా). బ్రిగేడు కమాండరు ట్రావ్‌కిన్ తన గదికి పిలిపించి తుపాకి అడిగాడు. ఇచ్చాడు. మూలన నిలబడ్డ స్మెర్ష్ (సైన్యంలోని గూఢచారి వ్యతిరేక విభాగం) అధికారులు భుజపట్టీలు, టోపీ మీది నక్షత్రం పీకేశారు. బయటికి తీసుకెళ్తుండగా ట్రావ్‌కిన్ వెనక్కి పిలిచి, ఫస్ట్ ఉక్రేనియన్ ఫ్రంట్‌లో నీకు స్నేహితుడున్నాడా అని అడిగాడు. అంటే కారణమేమిటో చెప్పీ చెప్పకుండా చెప్పాడు. పక్కనున్నవాళ్లు వద్దంటున్నా లేచి చెయ్యి కలిపి, సుఖంగా ఉండమని దీవించి పంపాడు. అప్పట్లో అలా చేసినవాడికి ఉద్యోగం కాదు, తల పోవచ్చు.

దీనికి రెండో వైపు కూడా ఆయనే రాసుకున్నాడు. ఖైదీల గుంపుతో నడిపిస్తుంటే, నేను అధికారిని, నా పెట్టె నేను మొయ్యనన్నాడు. దాన్ని ఒక జర్మన్ ఖైదీ నెత్తికెత్తారు. శిబిరాల మీద ఆయన రాసిన గులాగ్ పుస్తకంలో ఈ భాగం చదవకుండా "పుట్టు మహాత్ముడు" అని రాసేవాళ్లు మూలం తెరిచి చూడలేదన్నమాటే.

మాస్కో తీసుకొచ్చిన స్మెర్ష్ వాళ్లకి నగరంలో దారి తెలియదు. రహస్య పోలీసుల కేంద్రమూ జైలూ అయిన లుబ్యాంకా ఎటో తనే చూపించాల్సి వచ్చింది. అక్కడ విచారణాధికారి ఎజెపోవ్. యుద్ధకాలపు డైరీ పుస్తకాలు కేసుకి అక్కర్లేదని తగలబెట్టారు. సైనికుల దగ్గర విన్న కొల్‌హోజ్ (సమష్టి వ్యవసాయ క్షేత్రం) కబుర్లు, పేర్లతో సహా, వాటి నిండా ఉన్నాయి. అవి చదివి ఉంటే ఇంకెందరు లోపలికి వచ్చేవాళ్లో.

లెక్కలపంతులు

శిబిరాల వరస నేను రాస్తాను, చాలాచోట్ల తారుమారు చేస్తారు.

1945 ఆగస్టు: మాస్కో దగ్గర నొవీ యెరుసలీమ్, ఇటుకల ఫ్యాక్టరీ మట్టి గుంట.
1945 సెప్టెంబరు నుంచి 1946 జులై: మాస్కోలోనే కలూగా గేటు దగ్గర భవన నిర్మాణం. చెక్క నేల పరిచే పని. ఆ భవనం ఇప్పటికీ ఉంది.
1946–47: రీబిన్‌స్క్, జగోర్‌స్క్.
1947 జులై నుంచి 1950 మే: మార్ఫినో, మాస్కో శివార్లు. ఖైదీ శాస్త్రవేత్తల రహస్య సంస్థ, అంటే షరాష్కా.
1950 నుంచి 1953: కజక్‌స్థాన్‌లో ఎకిబస్తూజ్. తాపీ పని, తర్వాత పోతపని.

షరాష్కాకి ఎలా ఎక్కాడంటే, శిబిరంలో నింపమన్న ఫారంలో వృత్తి దగ్గర "అణు భౌతికశాస్త్రజ్ఞుడు" అని రాసేశాడు. అణువుతో సంబంధమేమీ లేదు. కానీ 1946లో ఆ మాట ఏ బల్ల మీద పడ్డా కదలిక వస్తుంది. తీరా పిలిచాక అసలు లెక్కల పట్టా అక్కరకొచ్చింది.

మార్ఫినోలో పని రహస్య టెలిఫోను. మాటని ముక్కలు చేసి గుర్తుపట్టలేకుండా పంపి, అటువైపు మళ్లీ అతకాలి. అతికిన మాట ఎంత అర్థమవుతోందో కొలిచే పరీక్షల బాధ్యత ఇతనిది. ఒకడు అర్థంలేని అక్షర సముదాయాలు చదువుతాడు, అటువైపు కూర్చున్నవాళ్లు విన్నది రాస్తారు, నూటికి ఎన్ని సరిగ్గా వచ్చాయో లెక్క. అర్థమున్న మాటలు చదివితే పరీక్ష దండగ, ఎందుకంటే సగం వినిపించినా మిగతా సగం మనిషి ఊహించేస్తాడు. ఆ సముదాయాలు కూడా ఇష్టమొచ్చినట్టు తయారు చేస్తే చెల్లదు. రష్యన్‌లో ఏ ధ్వని ఎన్నిసార్లు వస్తుందో అదే పాళ్లలో ఉండాలి. ఆ గణాంకాలు తోటి ఖైదీ లెవ్ కొపెలెవ్‌తో కలిసి తీశాడు. కొపెలెవ్, ద్మీత్రీ పానిన్ ఇద్దరితో రాత్రుళ్లు వాదనలు. తర్వాత రాసిన నవల 'మొదటి వలయం'లోని రూబిన్, సొలొగ్దిన్ వాళ్లే. మూడేళ్లు సూపు, మంచం, గ్రంథాలయం దొరికాయి. పనిలో సహకరించడం తగ్గించాక ఎకిబస్తూజ్‌కి తోశారు.

వంశధార

ఎకిబస్తూజ్‌లో కాగితం ఉంచుకోనిచ్చేవాళ్లు కాదు కదా. మరి అక్కడ వేల పంక్తులు "రాశాడు" అంటారే, ఎలా?

నల్లసిరా

కాగితం పూర్తిగా లేకపోవడం కాదు. ముక్క మీద కొన్ని పంక్తులు రాసుకుని, కంఠస్థం అయ్యాక కాల్చేయాలి. తనిఖీలో దొరికితే కొత్త కేసు. అందుకే ఛందస్సు: వచనం గుర్తుండదు, పద్యం నిలుస్తుంది. మన అవధానులకి ఇది వివరించక్కర్లేదు, ధారణ సంగతి వాళ్లకే బాగా తెలుసు. పెద్ద చిక్కు కొత్తవి నేర్చుకోవడం కాదు, పాతవాటిలో ఒక పంక్తి జారిపోతే జారిందని తెలియకపోవడం.

మొదట అగ్గిపుల్లలు విరిచి సిగరెట్ పెట్టె మీద రెండు వరసలు పెట్టేవాడు, పది ఒకట్లు, పది పదులు. పంక్తికి ఒక ముక్క జరపడం, పది అయ్యాక పదుల వరసలో ఒకటి జరపడం. ప్రతి 50వ, 100వ పంక్తి ఏదో ప్రత్యేకంగా బట్టీ పట్టేవాడు. నెలకోసారి మొత్తం చదువుకోవాలి. 100వ గుర్తు దగ్గర వేరే పంక్తి వస్తే మధ్యలో ఏదో పోయిందన్నమాట. వెనక్కెళ్లి దొరికేదాకా మళ్లీ మళ్లీ వల్లించాలి.

తర్వాత జపమాల. కూయ్‌బిషెవ్ ట్రాన్సిట్ జైల్లో లిథువేనియా కేథలిక్కులు చేసుకోవడం చూశాడు. రొట్టె నానబెట్టి పిసికి పూసలు చేస్తారు. రంగులు: నలుపుకి కాల్చిన రబ్బరు, తెలుపుకి పళ్లపొడి, ఎరుపుకి క్రిమిసంహారక మందు. కొన్ని దారాలు పురిపెట్టి బాగా సబ్బు రుద్ది, పూసలు తడిగా ఉన్నప్పుడే గుచ్చి, కిటికీ గట్టు మీద ఆరబెడతారు. ఆరాక గుచ్చబోతే పూస పగులుతుంది.

ఇతను అడిగింది 100 పూసలు. ప్రతి పదోది గుండ్రంగా కాకుండా పలకలుగా ఉండాలి. 50వదీ 100వదీ చూడకుండా వేలికి తగలాలి. వాళ్లలో మహా భక్తుడికే 40 పూసలకి మించి లేవు, ఇతని భక్తికి బిత్తరపోయి చేసిపెట్టారు. నూరోది ముదురెరుపు గుండె ఆకారం. పెద్ద చేతితొడుగుల లోపల పెట్టుకుని, హాజరు వరసలో, పనికి నడిచేటప్పుడు తిప్పేవాడు. చలి అడ్డు కాదు, వెలుతురు అక్కర్లేదు. కాపలావాళ్లకి దొరికినప్పుడు కూడా ప్రార్థన మాల అనుకుని వదిలేశారు. శిక్ష ముగిసేనాటికి 12,000 పంక్తులు. తర్వాత 20 పూసలు చాలని తెలుసుకుని బిరడా ముక్కలతో తనే చేసుకున్నాడు.

ఎర్రమందారం

ఆ పద్యాల సాహిత్య విలువ గురించి మాత్రం మౌనం మంచిదేమో. 'ప్రష్యన్ రాత్రులు' కవితగా నాకు గొప్పగా అనిపించదు. సాక్ష్యంగా విలువైనది, ఒప్పుకుంటాను. సొంత సైన్యం చేసిన దోపిడీ, మానభంగాలు, అందులో తన పాత్రతో సహా చెప్పింది.

పాతపుస్తకాలసంత

అక్కడ మీతో గొడవ లేదు. ఆయన బలం వచనమే, పద్యం జ్ఞాపకానికి వాడిన సరంజామా.

ఇక చివరి భాగం. 1952 ఫిబ్రవరిలో శిబిరం ఆసుపత్రిలోనే కణితి కోశారు. 1953 ఫిబ్రవరిలో ఎనిమిదేళ్లు నిండాయి. ఇంటికి పంపలేదు. శిక్షలో ఎక్కడా లేని "శాశ్వత ప్రవాసం" అధికారుల ఉత్తర్వుగా వచ్చింది. 58-11 ధర అదే. చోటు కజక్‌స్థాన్ దక్షిణాన కోక్-తెరెక్. వచ్చిన రెండు మూడు రోజులకే, మార్చి మొదటి వారంలో, లౌడ్‌స్పీకరు స్టాలిన్ మరణం ప్రకటించింది.

1974 నాటిది వేరు, అది దేశబహిష్కారం: ఫిబ్రవరి 12న అరెస్టు, 13న విమానంలో పశ్చిమ జర్మనీ. రెండింటినీ "ప్రవాసం" అని కలిపేసి "1953లో దేశం వదిలాడు" అని రాసిన వ్యాసాలు తెలుగులోనే కాదు, అన్నిచోట్లా తిరుగుతున్నాయి. 1953 ప్రవాసం దేశం లోపలే, పోలీసు అనుమతి లేకుండా జిల్లా దాటకూడదు.

బడిలో లెక్కలు, భౌతికశాస్త్రం చెప్పే ఉద్యోగం దొరికింది. లెక్కలు తనని రెండుసార్లు బతికించాయని ఆయన అన్నది ఈ రెండింటి గురించే: ఒకటి షరాష్కా, రెండోది ఈ బడి. ఆ ఏడాది చివర్లో కేన్సర్ తిరగబెట్టింది. 1954లో తాష్కెంట్ ఆసుపత్రిలో రేడియేషన్‌తో నిలబడ్డాడు. తాష్కెంట్ వెళ్లే ముందు, కంఠస్థం ఉన్నదంతా సన్నటి అక్షరాలతో కాగితాల మీదికి దింపి, గట్టిగా చుట్టి, షాంపేన్ సీసాలో దూర్చి తోటలో పాతిపెట్టాడు. సీసా ఎందుకంటే తడి చేరదు, ఎలుక కొరకదు.

వంశధార

విత్కెవిచ్ ఏమయ్యాడు? ఒకరి మీద ఒకరు చెప్పుకున్నారనే ఆరోపణ చదివాను.

పాతపుస్తకాలసంత

అతన్ని విడిగా, 1945 ఏప్రిల్‌లో తన దళంలోనే పట్టుకున్నారు. పదేళ్లు వేశారు. కొన్నాళ్లు మార్ఫినోలో ఇద్దరూ కలిసి ఉన్నారు కూడా. 1974లో బహిష్కారం చుట్టూ సోవియట్ వార్తా సంస్థ నోవోస్తి ద్వారా విత్కెవిచ్ మాటలు బయటికి వచ్చాయి: విచారణలో తన మీద సోల్జెనిత్సిన్ వాంగ్మూలం ఇచ్చాడని. చెప్పించింది ఏ సమయంలో, ఎవరి ద్వారా అన్నది మరిచిపోకూడదు. అదే సమయంలో, విచారణలో తాను వీరుడిలా నిలబడలేదని, తలుచుకుని గర్వపడటానికేమీ లేదని సోల్జెనిత్సిన్ గులాగ్ పుస్తకంలోనే రాశాడు. ఈ రెండూ ఒకదాన్నొకటి కొట్టేయవు.

కేసు వైపు నుంచి చూస్తే, ఉత్తరాల నకళ్లు, తీర్మానం ప్రతి విచారణ మొదలయ్యేటప్పటికే ఎజెపోవ్ బల్ల మీద ఉన్నాయి. అవి ఇద్దరి దస్తూరీలోనూ ఉన్నాయి. విత్కెవిచ్‌ని లోపలెయ్యడానికి ఎవరి వాంగ్మూలమూ అక్కర్లేదు.